రెండు పుట్టిన తేదీల మధ్య ఒక పెళ్లి: బాల్యవివాహ కేసు కోర్టులో నడిచిన తీరు

ఈ కేసులో ఎవరూ కాదనని విషయాలే ఎక్కువ. 2022 మే నెలలో పెళ్లి జరిగింది. శుభలేఖ, ఫొటోలు, చివరికి చదివింపుల పుస్తకం కూడా పోలీసుల చేతికి వచ్చాయి. వరుడు అమ్మాయికి మేనమామ కొడుకు, అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు. అదే ఏడాది అక్టోబరులో ఆమె గర్భవతిగా ప్రభుత్వాసుపత్రిలో నమోదైంది. బిడ్డకు తండ్రి ఎవరన్న ప్రశ్న ఏ దశలోనూ రాలేదు. రెండేళ్లకు పైగా సాగిన వ్యవహారమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఆమె పుట్టింది 2004 జూన్ 15నా, 2005 నవంబరు 9నా?

2005 తేదీ నిలిస్తే భర్తకు కనీసం ఇరవై ఏళ్ల కఠిన కారాగార శిక్ష. 2004 తేదీ నిలిస్తే గరిష్ఠంగా రెండేళ్లు, జడ్జి తలచుకుంటే జరిమానాతోనే సరి. ఈ రెండింటి మధ్య చట్టంలో మెట్టు లేదు. ఆ మెట్టు లేకపోవడం వల్లే ఇలాంటి కేసుల్లో మిగతా ప్రశ్నలన్నీ పక్కకు పోయి, భారమంతా ఒక పాత కాగితం మీద పడుతుందని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం ఎలా ఏర్పడిందో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను.

నేను ముద్దాయిల తరఫు న్యాయవాదిని కాదు, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌నీ కాదు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 40 కింద బాధితురాలికి సొంత న్యాయవాదిని పెట్టుకునే హక్కుంది. ఆ స్తోమత లేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఒకరిని ఇస్తుంది. అలా ఆమె వైపు హాజరయ్యాను. ఈ చట్టం కింద బాధితుల వివరాలు బయట పెట్టకూడదు కాబట్టి ఊరు, జిల్లా, పేర్లు ఇవ్వడం లేదు. గుర్తుపట్టే వీలున్న చోట వివరాలు మార్చాను. వాదన నడిచిన తీరును మాత్రం మార్చలేదు.

కేసు పుట్టింది ఆసుపత్రిలో

ఆమె తరఫున ఎవరూ ఫిర్యాదు చేయలేదు. గర్భిణిగా పేరు నమోదుకు ఆశా కార్యకర్త వెంటబెట్టుకుని వెళ్లింది. కార్డులో వయసు గడిలో 17 అని రాసి ఉంది. అది చూసిన డాక్టరు పోలీసులకు సమాచారం పంపారు. ఇందులో డాక్టరును తప్పుపట్టడానికి లేదు. పోక్సో సెక్షన్ 19 ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు. పెళ్లయిందా లేదా అన్న ప్రశ్నకు ఆ సెక్షన్‌లో చోటు లేదు.

ఎఫ్‌ఐఆర్‌లో రెండు వేర్వేరు చట్టాలు కలిసి వచ్చాయి. ఒకటి 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం. దీని ప్రకారం మైనర్‌ను పెళ్లాడిన పద్దెనిమిదేళ్లు దాటిన మగవాడికి సెక్షన్ 9, పెళ్లి జరిపించినవారికి సెక్షన్ 10, ప్రోత్సహించిన లేదా ఆపకుండా ఊరుకున్న పెద్దలకు సెక్షన్ 11 వర్తిస్తాయి. మూడింటికీ గరిష్ఠ శిక్ష రెండేళ్లు, లక్ష రూపాయల వరకు జరిమానా. రెండోది పోక్సో. పదేపదే లైంగిక దాడి చేయడం, బిడ్డను గర్భవతిని చేయడం, రక్తసంబంధీకుడై ఉండటం, ఈ మూడూ సెక్షన్ 5లో తీవ్ర నేరాలు. సెక్షన్ 6 కింద కనీస శిక్ష మొదట్లో పదేళ్లుండేది. 2019 సవరణ దాన్ని ఇరవైకి పెంచింది. వీటికి తోడు భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో అత్యాచారానికి శిక్ష చెప్పే సెక్షన్ 376. భార్య పదిహేనేళ్లు దాటితే భర్తకు అత్యాచారం వర్తించదన్న పాత మినహాయింపును సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న ఇండిపెండెంట్ థాట్ కేసులో పద్దెనిమిదికి మార్చింది. ఐపీసీ స్థానంలో ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 63లో ఆ పద్దెనిమిదే అక్షరాల్లో ఉంది. మన కేసు సంహిత అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందుది కాబట్టి ఐపీసీయే వర్తించింది.

ఇక్కడ చాలామంది, కొత్తగా వచ్చే న్యాయవాదులు సహా, గమనించని విషయం ఒకటుంది. ఈ రెండు చట్టాలూ చూసే రోజులు వేరు. బాల్యవివాహ నేరం తాళి కట్టిన రోజుకే పూర్తవుతుంది. ఆ రోజు ఆమె వయసెంత అన్నదే ప్రశ్న. పోక్సో నేరానికి పెళ్లి రోజుతో పని లేదు, కాపురం మొదలైన రోజుతోనే పని. పెళ్లినాటికి మైనరై, కాపురానికి వెళ్లేనాటికి పద్దెనిమిది నిండి ఉంటే మొదటి నేరం ఉంటుంది, రెండోది ఉండదు. ఈ కేసు అక్షరాలా అక్కడే నిలబడింది.

ముద్దాయిలు నలుగురు: ఏ-1 భర్త, ఏ-2 అమ్మాయి తండ్రి, ఏ-3 వరుడి తండ్రి, ఏ-4 పురోహితుడు. తల్లులిద్దరినీ పోలీసులు సాక్షులుగా పెట్టారు. సెక్షన్ 11 కింద స్త్రీలకు జైలుశిక్ష వేయకూడదన్న నిబంధన ఉండటంతో ఇది మామూలైపోయింది. దాని ఫలితం కూడా అంతే మామూలుగా వస్తుంది. అమ్మాయి తల్లి ఇక్కడ ఏ-2కు భార్య, ఏ-3కు చెల్లెలు, ఏ-1కు మేనత్త, అత్తగారు కూడా. ఆవిడ ప్రాసిక్యూషన్ కోరినట్టు చెబుతుందని నమ్మినవాళ్లు దర్యాప్తు బృందంలోనూ ఉండి ఉండరు.

ఎక్కడికి పంపాలి

భర్త రిమాండుకు వెళ్లాడు. తండ్రి కూడా వెళ్లాడు. ఆమెను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరిచారు. పుట్టింటి పెద్ద ముద్దాయి. అత్తింటికి పంపితే నేరం కొనసాగించమని సమితే చెప్పినట్టవుతుంది. అందుకని బాలికల వసతిగృహానికి పంపారు. చట్టప్రకారం తప్పని ఆదేశమే. కానీ రెండున్నర నెలల గర్భిణి, కడుపులో ఏదీ నిలవని స్థితిలో, తెలియని పిల్లల మధ్య ఒక ఇనుప మంచం మీద కూర్చుని నన్ను అడిగిన మొదటి మాట ఇది: “సార్, నన్ను ఎందుకు పెట్టారు? నేనేం చేశాను?”

ఆమె ముద్దాయి కాదని, రక్షణ కోసం పెట్టారని చెప్పాను. రక్షణ ఎవరి నుంచి అని అడిగింది. ఆమె పెళ్లి ఇష్టపూర్వకంగా జరిగిందా అన్నది వేరే ప్రశ్న, దానికి తర్వాత వస్తాను. ఆ రోజు నాకు చేతనైంది మాత్రం నాయనమ్మ దగ్గర ఉంచమని సమితికి దరఖాస్తు పెట్టడమే. నాయనమ్మ కేసులో లేదు, పెళ్లి వద్దని గొడవపడిన ఒకే ఒక్క మనిషి కూడా ఆవిడే. ఇంటి పరిస్థితులపై విచారణ నివేదిక తెప్పించుకుని, కొన్ని షరతులతో సమితి అందుకు ఒప్పుకుంది. భర్తకు 2023 జనవరిలో బెయిలు వచ్చింది. ఆమెను కలవకూడదన్నది షరతు. మే నెలలో బిడ్డ పుట్టింది.

మూడు కాగితాలు

వయసు తేల్చే పద్ధతి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94లో ఉంది. నేరం చేసిన బాలల కోసం అంతకుముందు జువెనైల్ జస్టిస్ నిబంధనల్లో ఏర్పరచిన పద్ధతినే బాధితుల వయసుకూ వాడాలని సుప్రీంకోర్టు 2013లో జర్నైల్ సింగ్ కేసులో చెప్పింది. ముందుగా చూడాల్సింది బడి ఇచ్చిన జన్మదిన ధ్రువపత్రం లేదా బోర్డు పరీక్ష సర్టిఫికెట్. అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరుసలో ఎక్కడా లేదు.

పదో తరగతి మెమో ఉంటే సాధారణంగా వాదన అక్కడితో ముగుస్తుంది. ఈ అమ్మాయి తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసింది. మెమో లేదు. మిగిలినవి మూడు కాగితాలు.

మొదటిది ఆధార్. అందులో పుట్టిన సంవత్సరం 2004 అని మాత్రమే ఉంది, తేదీ లేదు. కోర్టు దాన్ని పక్కన పెట్టింది. కానీ ఏ-4కు అదే ప్రాణం పోసింది. ముహూర్తం పెట్టేముందు ఆధార్ చూశాననీ, 2004 అంటే పద్దెనిమిదేళ్లే కదా అనుకున్నాననీ ఆయన చెప్పాడు. బాల్యవివాహం కాదని నమ్మడానికి తగిన కారణం ఉందని నిరూపించుకుంటే సెక్షన్ 10 కింద తప్పించుకోవచ్చు.

రెండోది ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు. ప్రధానోపాధ్యాయుడు అసలు పుస్తకాన్నే కోర్టుకు తెచ్చాడు. అట్ట ఊడి, దారంతో కుట్టిన పుస్తకం. 2009 జూన్ 15న ఒకటో తరగతిలో చేరిక, పుట్టిన తేదీ 2004 జూన్ 15. చేరిన రోజుకు సరిగ్గా ఐదేళ్లు. ఆ పేజీలో అమ్మాయి పేరుకు పైన ఇద్దరు, కింద నలుగురు, అందరూ జూన్ 15నే పుట్టారు. బడిబాట సమయంలో పంతులుగారు ఇంటింటికీ తిరిగి, ఐదేళ్లు నిండాయా అని అడిగి, నిండాయంటే చేరిన రోజునే పుట్టిన రోజుగా వేసేశారన్నమాట. ఇది మోసం కాదు. పిల్ల బడిలో పడటమే ముఖ్యమనుకున్న ఒక తరం ఉపాధ్యాయుల అలవాటు. ఈ రాష్ట్రాల్లో జూన్‌లో పుట్టినవాళ్లు అంతమంది ఎందుకున్నారో దీనివల్ల తెలుస్తుంది. ఏ ఆధారంతో రాశారని పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) అడిగితే, “తండ్రి నోటిమాట మీద రాసినట్టుంది, నేను అప్పటికి ఆ బడిలో లేను” అన్నాడు ప్రధానోపాధ్యాయుడు.

మూడోది ప్రాసిక్యూషన్ నమ్ముకున్న పత్రం, పంచాయతీ జనన రిజిస్టరు నకలు. 2005 నవంబరు 9, ఆడపిల్ల, తల్లిదండ్రుల పేర్లు సరిపోయాయి. బిడ్డ పేరు గడి ఖాళీ. పేరు పెట్టకముందే జననం నమోదు చేయించి, తర్వాత పేరు ఎక్కించుకోవడం మరిచిపోయిన కుటుంబాలు లెక్కలేనన్ని. చట్టం కూడా పేరు లేకుండా నమోదును అనుమతిస్తుంది. సెక్షన్ 94 వరుసలో చూస్తే ఇది గట్టి పత్రం. కానీ పేరు లేని ఆడపిల్ల ఎవరు?

తల్లి సాక్ష్యంలో ఆ గడి నింపింది. “ఆ నవంబరులో పుట్టింది ఈ పిల్ల కాదండీ. దీని తర్వాతది. మూడో నెలలో జ్వరం వచ్చి పోయింది.” పీపీ వెంటనే ఆమెను ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమని కోరి, ఎదురు ప్రశ్నలతో క్రాస్ చేశారు. చనిపోయిన బిడ్డ విషయం పోలీసులకు ఎందుకు చెప్పలేదంటే, అడగలేదన్నది ఆమె జవాబు. మరణం నమోదైందా అంటే లేదు. మూడు నెలల పసిబిడ్డ మరణాన్ని పంచాయతీకి వెళ్లి రాయించేవాళ్లు ఎంతమందని ఆవిడ తిరిగి అడగలేదు గానీ, జడ్జిగారి ముఖంలో ఆ ప్రశ్న కనిపించింది.

కేసు తేలింది దర్యాప్తు అధికారి క్రాస్‌లో. డిఫెన్స్ న్యాయవాది గొంతు పెంచలేదు. పంచాయతీని ఏ సంవత్సరం రిజిస్టరు అడిగారన్నది మొదటి ప్రశ్న. 2005. ఎందుకు 2005? ఆసుపత్రి కార్డులో 17 అని ఉంది కాబట్టి వెనక్కి లెక్కవేశాం. 2004 రిజిస్టరు చూశారా? లేదు. ఆ దంపతులకు ఎంతమంది పిల్లలు పుట్టారో విచారించారా? లేదు. ఆ ఎంట్రీ ఈ అమ్మాయిదేనని చెప్పగల పంచాయతీ కార్యదర్శినో, కాన్పు చేసిన వారినో విచారించారా? కార్యదర్శి నకలు మాత్రమే ఇచ్చారు. ఎముకల పరీక్ష చేయించారా? పత్రాలున్నాయి కాబట్టి అవసరం లేదనుకున్నాం.

కావాల్సిన వయసును ముందే అనుకుని, దానికి సరిపోయే కాగితం కోసం వెళ్తే జరిగేది ఇదే. ఎముకల పరీక్ష చేయించినా పెద్దగా తేలేది కాదని నా అంచనా. అటూ ఇటూ రెండేళ్ల తేడా ఉండవచ్చని సుప్రీంకోర్టు 1982లో జయమాల కేసులోనే గుర్తించింది. పదిహేడు, పద్దెనిమిది మధ్య తగువు తీర్చడానికి ఆ కొలత సరిపోదు. కానీ 2004 రిజిస్టరు తిరగేయడానికి ఒక పూట చాలు.

డిఫెన్స్ 2023 జులై 18 నాటి పి. యువప్రకాశ్ తీర్పును ముందు పెట్టింది. అది కూడా పోక్సో, బాల్యవివాహ చట్టాలు కలిసిన కేసే. బడి బదిలీ ధ్రువపత్రం సెక్షన్ 94 చెప్పిన పత్రం కాదని, వయసు నిరూపించాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌దేనని చెప్పి సుప్రీంకోర్టు అక్కడ శిక్ష రద్దు చేసింది. దానికి పీపీ ఇచ్చిన జవాబు బాగుంది: ఆ తీర్పు బడి కాగితాన్నే కాదంది, మీరేమో బడి కాగితాన్నే పట్టుకున్నారు. నిజమే. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది సగం విరిగిన కర్రే. కాకపోతే నిరూపించాల్సిన భారం ఒకరిదే. పోక్సో సెక్షన్ 29 ముద్దాయి నేరం చేశాడనే ఊహతో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. బాధితురాలు ‘బాలిక’ అని ప్రాసిక్యూషన్ ముందు నిరూపించాకే ఆ ఊహకు ప్రాణం వస్తుంది. వయసుకు ఊహ లేదు.

ఒక వాక్యం బరువు

రెండో ముడి కాపురం మొదలైన తేదీ. స్కూలు తేదీ ప్రకారం ఆమెకు పద్దెనిమిది నిండింది 2022 జూన్ 15న, అంటే పెళ్లయిన నెల రోజులకు. స్కానింగ్ రిపోర్టు ప్రకారం గర్భం ఆగస్టు నాటిది. కాబట్టి స్కూలు తేదీ నిలిచినా, మే, జూన్ మధ్య కాపురం ఉందని తేలితే పోక్సో నిలుస్తుంది.

2022 అక్టోబరులో సీఆర్‌పీసీ సెక్షన్ 164 కింద మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలంలో ఒక వాక్యం ఉంది: “పెళ్లయినప్పటి నుంచి మేము భార్యాభర్తలుగా కలిసి ఉంటున్నాము.” ప్రాసిక్యూషన్ దీన్నే పట్టుకుంది. ఈ వాక్యం నాకు బాగా పరిచయం. ఇలాంటి వాంగ్మూలాల్లో దాదాపు ఇదే వరుసలో కనిపిస్తుంది. ప్రశ్న ఎలా అడిగారో అందులో ఉండదు, జవాబు మాత్రం పుస్తక భాషలో ఉంటుంది. తొమ్మిదో తరగతి మానేసిన పిల్ల “భార్యాభర్తలుగా” అని మేజిస్ట్రేటుతో అని ఉంటుందంటే నమ్మడం కష్టం.

2024 జనవరిలో కోర్టులో ఆమె చెప్పింది వేరు. పెళ్లయిన వారానికే అటు తాతగారు పోయారు, మైల వచ్చింది. ఆ తర్వాత ఆషాఢం వస్తోందని పుట్టింట్లోనే ఉంచేశారు. శ్రావణంలో పంపారు. ఆ ఏడాది ఆషాఢం జూన్ 30 నుంచి జులై 28 వరకు. తాతగారి మరణ ధ్రువపత్రాన్ని డిఫెన్స్ దాఖలు చేసింది. తేదీ సరిపోయింది. స్కానింగ్ రిపోర్టు కూడా శ్రావణం వైపే మొగ్గింది.

ఆమె చెప్పేది విన్న జడ్జిగారు బయటివారు లేకుండా జరిపే ‘ఇన్ కెమెరా’ విచారణలో తనే రెండు ప్రశ్నలడిగారు. “అమ్మా, నీకు ఈ మాటలు ఎవరైనా నేర్పారా?” లేదంది. “అప్పుడు మేజిస్ట్రేటు గారికి అలా ఎందుకు చెప్పావు?” “ఎప్పటి నుంచి అని అడగలేదండీ. కలిసి ఉంటున్నారా అని అడిగారు. ఉంటున్నాం అన్నాను.” 164 వాంగ్మూలం దానంతటదే సాక్ష్యం కాదు. సాక్షి మాటను బలపరచడానికో, కాదనడానికో మాత్రమే వాడాలి. ఆమె కోర్టులో చెప్పిందే అసలు సాక్ష్యం.

ఆమెకు నేర్పారా? అత్తింటివాళ్లు, పుట్టింటివాళ్లు ఒకే కుటుంబం. సాక్ష్యానికి ముందు ఆమె చుట్టూ ఎవరున్నారో నాకు తెలుసు. అయినా మైల విషయం కల్పన కాదనే నా నమ్మకం, కాగితం ఉంది కాబట్టి. మిగతాదాని గురించి నేను ప్రమాణం చేయలేను.

తీర్పు

2025 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. పోక్సో సెక్షన్ 34(2) ప్రకారం వయసుపై కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. జడ్జిగారు తీర్పులో పెద్ద భాగం దానికే కేటాయించారు. పంచాయతీ ఎంట్రీ ఈ అమ్మాయిదేనని ముడిపెట్టే సాక్ష్యం లేదు. అది ఈమెదే అయితే ఒకటో తరగతిలో చేరేనాటికి మూడున్నరేళ్ల పిల్ల అయి ఉండాలి, అది నమ్మశక్యంగా లేదు. స్కూలు తేదీ కూడా నమ్మదగింది కాదు గానీ, సందేహం రేపడానికి సరిపోతుంది. సందేహ ఫలం ముద్దాయిదే. పోక్సో, 376 కొట్టేశారు.

బాల్యవివాహ నేరం దగ్గర తీర్పు ఆసక్తికరమైన మలుపు తీసుకుంది. రెండు పత్రాలూ నమ్మలేమన్నాక పెళ్లినాటికి మైనరన్నది మాత్రం ఎలా తేలుతుందని డిఫెన్స్ వాదించింది. జడ్జిగారు ఒప్పుకోలేదు. ప్రతి సాక్షికీ 2004 జూన్ 15 నిజమైన తేదీ అని సూచించింది డిఫెన్సే. “నెల తక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాం” అని తల్లి క్రాస్‌లో చెప్పింది. ముద్దాయిలు ఏ తేదీ మీద నిలబడి పోక్సో నుంచి బయటపడ్డారో, ఆ తేదీనే వారిని బాల్యవివాహ చట్టంలో నిలబెట్టింది. ఏ-1కు సెక్షన్ 9 కింద అప్పటికే గడిపిన జైలు కాలం, జరిమానా. ఇద్దరు తండ్రులకు సెక్షన్ 11 కింద కోర్టు లేచేవరకు శిక్ష, జరిమానా. పురోహితుడు నిర్దోషి. జరిమానాలో ఎక్కువ భాగం ఆమెకు ఇవ్వాలన్నారు.

తీర్పుతో నాకు పెద్ద తగాదా లేదు. అయితే మనసులో ఒకటి మెదులుతూనే ఉంది. అదే జడ్జిగారికి ఐదేళ్లో, మూడేళ్లో వేసే అధికారం ఉంటే, పంచాయతీ కాగితాన్ని అంత నిశితంగా చీల్చేవారా? 2013కు ముందు 376లో ప్రత్యేక కారణాలు రాసి కనీస శిక్షకంటే తగ్గించే వీలుండేది. ఆ ఏడాది సవరణ దాన్ని తీసేసింది. పోక్సో సెక్షన్ 6లో అసలు లేదు. అరవై ఏళ్ల వాడు పన్నెండేళ్ల పిల్లను కొనుక్కుని పెళ్లాడితే వేయాల్సిన కనీస శిక్ష, ఈ కుర్రాడికి వేయాల్సిన కనీస శిక్ష ఒకటే. అలాంటప్పుడు ట్రయల్ కోర్టులు సందేహం వెతుక్కుంటాయి. సందేహం దొరకని చోట, అంటే పదో తరగతి మెమో ఉన్న చోట, ఇరవై ఏళ్లు పడుతుంది. చదువు మానేసిన పిల్ల భర్త బయటపడతాడు, పదో తరగతి పాసైన పిల్ల భర్త లోపలికి వెళతాడు.

పైకోర్టులకు ఉన్న తలుపు కింది కోర్టులకు లేదు. మేనకోడలిని పెళ్లాడిన తమిళనాడు వ్యక్తికి పడిన పదేళ్ల శిక్షను సుప్రీంకోర్టు 2022 మే 9న ధండపాణి కేసులో రద్దు చేసింది, ఆ దంపతుల కాపురాన్ని చెదరగొట్టలేమంది. దీన్ని పూర్వ నిర్ణయంగా తీసుకోవద్దని కూడా రాసింది. 2025 మే 23న పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒక పోక్సో కేసులో ముద్దాయిని దోషిగానే ఉంచి, రాజ్యాంగం 142 అధికరణం కింద శిక్ష అనుభవించనక్కర్లేదంది. ఆ అధికరణం సుప్రీంకోర్టుకే సొంతం. రాజీ కుదిరిందని లైంగిక నేరాల కేసులు కొట్టేయకూడదని 2024 నవంబరులో రాంజీ లాల్ బైర్వా కేసులో చెప్పింది కూడా ఆ కోర్టే. వీటిని కలిపి చదివి జిల్లా కోర్టు ఏం చేయాలో తేల్చుకోవడం సులువు కాదు.

కనీస శిక్ష తగ్గించమంటే పెళ్లి పేరుతో పిల్లల్ని కట్టబెట్టేవాళ్లకు దారి చూపినట్టవుతుందనే వాదన ఉంది. అది తేలిగ్గా తీసేయాల్సింది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిదికి ముందే పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. అయితే 2024 అక్టోబరు 18న ఇదే అంశంపై తీర్పిచ్చిన సుప్రీంకోర్టు కూడా, కేసులు పెట్టడం కంటే పెళ్లి ఆపడం మీదే ఎక్కువ దృష్టి పెట్టమంది. మేజిస్ట్రేటు సెక్షన్ 13 కింద ముందే నిషేధాజ్ఞ ఇవ్వగలరు. దాన్ని కాదని చేసిన పెళ్లి సెక్షన్ 14 ప్రకారం చెల్లనే చెల్లదు. ఈ ఊళ్లో నాయనమ్మ పెళ్లి వద్దని గొడవపడినప్పుడు ఎవరైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక ఫోను చేసి ఉంటే మిగతాదేదీ రాసే పని ఉండేది కాదు.

క్రిమినల్ కోర్టు అడగని ప్రశ్నలు

బాల్యవివాహం మన దగ్గర దానంతటదే రద్దు కాదు. సెక్షన్ 3 ప్రకారం మైనరుగా పెళ్లయిన వ్యక్తి, మేజరైన రెండేళ్లలోపు జిల్లా కోర్టుకు వెళ్లి రద్దు చేయించుకోవచ్చు. అలా రద్దయినా సెక్షన్ 4 కింద ఆమెకు మనోవర్తి, నివాసం వస్తాయి. సెక్షన్ 6 కింద బిడ్డకు అన్ని హక్కులూ ఉంటాయి. కేసు నడిచిన కాలమంతా ఈ గడువు కరుగుతూ ఉంటుంది. దీని గురించి ఆమెకు చెప్పమని క్రిమినల్ కోర్టును ఏ చట్టమూ అడగదు. స్కూలు తేదీ ప్రకారం గడువు 2024 జూన్‌లో ముగుస్తుంది. అందుకని ఆ ఏడాది ఏప్రిల్‌లోనే, అత్తింటివాళ్లు లేకుండా, న్యాయసేవాధికార సంస్థ గదిలో ఆమెతో మాట్లాడాను. బిడ్డ బల్ల మీద ఫైళ్లు లాగుతోంది.

పెళ్లి వద్దనుకుంటే దారి ఉందని చెప్పాను. చాలాసేపు ఆలోచించి, “ఆయన మంచివాడే సార్. పెళ్లి మాత్రం నన్నడిగి చేయలేదు,” అంది. రద్దు వద్దంది. ఆ జవాబు ఎంతవరకు ఆమె సొంతమో చెప్పలేను. ఆమె సంతకంతో నోట్ రాసి ఫైల్లో పెట్టాను.

నష్టపరిహారం రాలేదు. పోక్సో నిబంధనలు 2020లోని 9వ నిబంధన ప్రకారం కేసు కొట్టేసినా పరిహారం సిఫారసు చేయవచ్చు. దరఖాస్తు పెట్టాను. నేరంనాటికి బాలిక అని తేలలేదు కాబట్టి నిబంధన వర్తించదని తిరస్కరించారు. తర్కం సరైనదే. వసతిగృహంలో గడిపిన వారాలు ఏ ఖాతాలోకి వస్తాయో ఆ ఉత్తర్వులో లేదు.

పోక్సో కొట్టివేతపై ప్రభుత్వం హైకోర్టులో అప్పీలు వేసింది. 2004 జనన రిజిస్టరును అదనపు సాక్ష్యంగా తెప్పించమని కూడా అడిగింది. ఈలోగా ఆమె ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి దరఖాస్తు చేసింది. పుట్టిన తేదీకి ఆధారం అడిగారు. పంచాయతీ ఎంట్రీలో తన పేరు ఎక్కించుకుంటే భర్తకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం తయారు చేసినట్టవుతుంది. అందుకే పాత బడి రికార్డు షీటు జతచేసింది. పాసైతే మెమో మీద 15-06-2004 అని అచ్చవుతుంది, సెక్షన్ 94లో మొదటి వరుసలో ఉన్న పత్రం అదే. డిఫెన్స్ న్యాయవాది ఇప్పటికే ఫలితాల తేదీ అడుగుతున్నారు. వివాదం మొదలయ్యాక పుట్టిన కాగితానికి విలువ ఉండదని పీపీ అంటారు. పరీక్షలు ఏప్రిల్‌లో. ఆమెకు లెక్కలంటే భయం, ఇంటి దగ్గర ఒక టీచరు దగ్గర ట్యూషన్ పెట్టించుకుంది.